ఎనిమిదా, పన్నెండా

ఫిబ్రవరి 1, ఆదివారం

నేను అలగలేదు. ముందు ఆ సంగతి రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ నేను అలిగానని అనుకుంటున్నారు. అందరూ అంటే ఆయన, పై వాటాలో ఉండే మా ఆడపడుచు. నేను మాట్లాడటం మానేశాను, అంతే. మానేయడం వేరు, అలగడం వేరు. అలిగినవాళ్ళు అన్నం మానేస్తారు. నేను మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

జరిగింది ఇంతే. ఆడపడుచు భోజనానికి పిలిచింది. వాళ్ళాయన స్నేహితుడెవరో వచ్చాడు. "మీరిద్దరూ బాస్కెట్‌బాల్ మ్యాచుల్లో పక్కపక్కనే కూర్చుంటారటగా, ఏం చేస్తారండీ అక్కడ?" అని అడిగాడు. ఈయన గొంతు సవరించుకున్నారు. "నేను ఆట చూసి లెక్క చెప్తానండి. ఎవరు వేశారు, ఎవరు అందించారు, తప్పిపోయి తిరిగొచ్చిన బంతి ఎవరు పట్టారు, అన్నీ. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చోవాలి. రెప్ప వేశామా, కొంప మునుగుతుంది" అన్నారు. "మరి చెల్లెమ్మో?" అన్నాడతను. "ఆవిడకేముంది, నేను చెప్పింది కంప్యూటర్లో కొట్టడమే. చెవులుంటే చాలు."

చెవులుంటే చాలట.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మెట్లు దిగి వచ్చాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని పెద్దలు ఊరికే అనలేదు. పగలల్లా వకీలుగారి దగ్గర టైపు కొట్టి, సాయంత్రం పరిగెత్తుకుంటూ వెళ్ళి ఈయన పక్కన కూర్చుని అంకెలు కొడతాను. కొట్టేవాళ్ళు తల ఎత్తకూడదు. అది నియమం. తల ఎత్తితే చెప్పింది జారిపోతుంది. అందుకని ఆట మొదలైన దగ్గర్నుంచి ఆఖరి బజర్ దాకా నా కళ్ళు తెర మీదే ఉంటాయి. పదకొండేళ్ళుగా కోర్టు అంచున, ఆటగాళ్ళ చెమట చుక్కలు మీద పడేంత దగ్గర కూర్చుని, ఒక్క బంతి వలలో పడటం కూడా నేను చూడలేదు. టికెట్ కొని ఆఖరి వరసలో నిద్రపోయేవాళ్ళు నాకంటే ఎక్కువ చూసి ఉంటారు.

ఈయన పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో జనాల కళ్ళు పరీక్షిస్తారు. అట్ట మీద అన్నిటికంటే కిందుండే చీమంత అక్షరాలు వీధిలో నిలబడి చదువుతారని క్లబ్బువాళ్ళు ఏరికోరి తెచ్చుకున్నారు. నన్నెందుకు తెచ్చుకున్నారంటే, ఈయనతో పాటు వచ్చానని. అదీ నా విలువ.

అలగలేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

నేటి స్కోరు.

ఆయన: మాటలు సున్నా. దగ్గులు పదకొండు, అందులో నా కోసం దగ్గినవి తొమ్మిది. తలుపు విసురుగా వేయడం రెండు. ఒకటి గాలి పని కావచ్చు, ఇంకా తేలలేదు.

నేను: మాటలు సున్నా. గిన్నెల చప్పుడు కావలసినంత.

ఆడపడుచు: అసిస్టులు, అంటే అందించిన మాటలు, ఆరు. "వదినా, గోళ్ళ కత్తెర ఎక్కడుందని అన్నయ్య అడుగుతున్నాడు." అలమారలో ఉందని చెప్పమన్నాను. ఆవిడ అవతలి గదిలోకి వెళ్ళి, "చేతులున్నాయిగా, వెతుక్కోమంటోంది" అని చెప్పడం నా చెవులారా విన్నాను. చెవులున్నాయిగా నాకు, చాలు.

ఫిబ్రవరి 4, బుధవారం

మ్యాచ్. ఇరవై మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. తెర మీద చూశాను.

ఇంట్లో ఉలుకూ పలుకూ లేని మనిషి బల్ల దగ్గర నాతో కొన్ని వందల మాటలు మాట్లాడారు. అన్నీ అంకెలే, ఆటగాడి నంబరూ వాడు చేసిందీ. "ఎనిమిది, రెండు. ఐదు, రీబౌండ్. పదకొండు, ఫౌల్." నేను కొడుతూ పోయాను. ఆయన చెప్పడంలో ఒక్క తప్పు లేదు, నేను కొట్టడంలోనూ లేదు. అంకెలు తప్ప ఇంకేమీ మాట్లాడుకోకపోతే మా కాపురం ఎంత బాగుంటుందో.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చున్నాం. కండక్టర్ రాగానే ఇద్దరం ఒకేసారి "ఇద్దరికి" అన్నాం. అది మాట్లాడుకున్నట్టు కాదు. కండక్టర్‌తో మాట్లాడినట్టు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఒక పాయింటు తేడాతో గెలిచాం. డెబ్భై ఎనిమిది, డెబ్భై ఏడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఇది రాస్తున్నాను. గెలిచినందుకు కాదు.

ఉన్నదున్నట్టు రాసుకుంటాను. ఆఖరి నిమిషానికి మనవాళ్ళలో ముగ్గురు ఫౌళ్ళు నిండి బయటికి పోయారు, ఒకడు కాలు బెణికి కూర్చున్నాడు. బెంచి మీద మిగిలింది పన్నెండు నంబరాయన ఒక్కడే, ఆయన్నే దింపారు. బెంచీ తాత అంటారు అందరూ. వయసు ముప్పై ఏడే, కానీ ఈ ఆటలో అది పండు ముసలితనం. ఈ సీజన్లో ఆయన పేరుకు ఎదురుగా నేనేమీ కొట్టలేదు. సున్నా కొట్టక్కర్లేదు, కంప్యూటరే వేసుకుంటుంది.

ఎనిమిది నంబరు సంగతి వేరు. రాజావారు. ఈ సీజన్లో ఏ మ్యాచ్‌లోనూ ఇరవైకి తగ్గలేదు. ఇవాళ కూడా ఇరవై వేస్తే లీగ్ రికార్డు. ఊరంతా దాని కోసమే వచ్చింది. ఆఖరి నిమిషానికి ఆయన పద్దెనిమిది దగ్గర ఉన్నారు, మనం ఒక పాయింటు వెనకబడి ఉన్నాం.

పక్కన మా ఆయన గొంతు వినిపించింది. "ఎనిమిది, షాట్. పోయింది." కొట్టాను. ఇక రావలసింది రీబౌండ్. బోర్డుకు తగిలి తిరిగొచ్చిన బంతి ఎవరి చేతికి దక్కిందో చెప్పాలి. చెప్పలేదు.

ఆట నడుస్తుండగా ఆ గొంతు ఆగిపోవడం నేను ఎప్పుడూ వినలేదు.

తల ఎత్తాను. ఎందుకు ఎత్తానో రాయను.

అప్పుడే చూశాను. కిక్కిరిసిన బస్సులో పైకమ్మీ పట్టుకోవడానికి లేచినట్టు బాస్కెట్ చుట్టూ పది చేతులు. బంతి అంచు మీద ఊగుతోంది. ఆ చేతుల్లో మణికట్టుకు తెల్ల కట్టు ఉన్న చెయ్యి ఒకటి బంతిని వేళ్ళ చివరలతో లోపలికి తోసింది. ఆ చేతి తాలూకు బనీను మీద పన్నెండు. బంతి పడింది. బజర్ మోగింది. బంతి పడ్డాక వల కాసేపు అలా ఊగుతుందని నాకు తెలీదు.

అప్పుడు ఆయన గొంతు తిరిగొచ్చింది. "ఎనిమిది, రీబౌండ్. ఎనిమిది, రెండు." ఎదురుగా రాజావారు రెండు చేతులూ పైకెత్తి కోర్టంతా పరిగెడుతున్నారు.

నా వేళ్ళు పన్నెండు కొట్టాయి. రీబౌండూ పన్నెండుకే, రెండు పాయింట్లూ పన్నెండుకే.

కాగితం అచ్చయి వచ్చింది. దాన్ని ఆయన చదివి సంతకం పెట్టాలి, నేనూ పెట్టాలి. ఆయన చదివారు. పన్నెండు దగ్గర ఆగారు. నా వైపు చూశారు. నోరు తెరిచారు. అడిగితే ఆయనే ముందు మాట్లాడినట్టవుతుంది. నోరు మూసుకున్నారు. నేను చెబితే నేనే ముందు మాట్లాడినట్టవుతుంది. నేను పైకప్పు కేసి చూశాను. ఆయన సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. కాగితం వెళ్ళిపోయింది.

ఎవరి పట్టుదల వాళ్ళు నిలబెట్టుకున్నాం. రాజావారికి పద్దెనిమిది.

ఫిబ్రవరి 7, శనివారం

గోరంతది కొండంతయింది. పొద్దున్నే క్లబ్బు మేనేజర్ ఫోన్ చేశాడు. "ఏంటండీ ఇది! టీవీవాళ్ళు ఎనిమిదన్నారు, జనం ఎనిమిదన్నారు, మైకులో మీ ఆయనా ఎనిమిదే అన్నారు. పన్నెండు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

మా బల్ల మీద చిన్న మైకు ఉంటుంది. ఆయన చెప్పేదంతా రికార్డవుతుంది, ఎప్పుడైనా తేడా వస్తే సరిచూసుకోవడానికి. ఎప్పుడూ రాలేదు గనక ఎవరూ వినలేదు. ఇప్పుడు విన్నారన్నమాట. ఎంతవరకు విన్నారో.

ఆడపడుచు నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా రికార్డు పోగొట్టింది నేనేనని వీధంతా తెలిసిపోయింది. పాలవాడు కూడా "అమ్మగారూ, రాజావారి మీద మీకేం కోపమండీ?" అన్నాడు. రాజావారిని నేను పోస్టర్లో తప్ప నిదానంగా ఎప్పుడూ చూడలేదు, కోపమెలా వస్తుంది?

ఆయన ఏమీ అడగలేదు. దగ్గులు నాలుగు.

ఫిబ్రవరి 8, ఆదివారం

మెడ పట్టేసింది, అందుకే తల ఎత్తాను. ఎవరడిగినా ఇదే చెప్తాను.

ఫిబ్రవరి 9, సోమవారం

క్లబ్బుకు రమ్మన్నారు. వరండాలో బాతు ఎదురైంది. మన జట్టు గుర్తు బాతు. ఆ వేషం వేసే అతను తలకాయ తీసి చంకలో పెట్టుకుని, దోషిలా నిలబడి ఉన్నాడు.

"అక్కా, నా వల్లే వచ్చింది ఇదంతా."

"నువ్వేం చేశావయ్యా?"

"ఆఖరి క్షణంలో ఆనందం పట్టలేక ఎగిరానక్కా. సరిగ్గా కెమెరా ముందు. వీడియోలో అందరి చేతులూ పైకి లేస్తాయి, ఆ తర్వాత నా తలకాయ తప్ప ఇంకేం కనపడదు. ఇంత తలకాయ కుట్టమని నేనడిగానా చెప్పు?"

"రెండో కెమెరా ఉందిగా?"

"దానికి రిఫరీ వీపు అడ్డం. ఆయన వీపు నా తలకాయకేం తీసిపోదు."

ఓదార్చి పంపాను. అంటే ఏ కెమెరాలోనూ లేదు. చూసిన కళ్ళు ఎవరివైనా ఉంటే వాళ్ళే చెప్పాలి. ఆ కళ్ళు నావి. నావి చూడకూడని కళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఫిబ్రవరి 10, మంగళవారం

రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు.

ఆయన గొంతు ఆగింది. గుండె పట్టుకుందేమో అనుకున్నాను. వాళ్ళ నాన్నగారికి అలాగే కూర్చున్న కుర్చీలోనే జరిగింది. నేను తల ఎత్తింది ఆట చూడ్డానికి కాదు. ఆయన్ని చూడ్డానికి.

ఆయనకు ఏమీ కాలేదు. కళ్ళు మూసుకుని ఉన్నారు. రెప్ప వెయ్యడం కాదు, గట్టిగా మూసుకోవడం. సూది మందు చూసిన పిల్లవాడిలా ముఖమంతా ముడుచుకుని, రెండు పిడికిళ్ళూ బిగించి. ఆయన భుజం మీంచి చూస్తే బాస్కెట్ కనపడింది, తెల్ల కట్టున్న చెయ్యి కనపడింది, మిగతాది రాశాను. బజర్ మోగాక ఆయన కళ్ళు తెరిచారు. చేతులెత్తి పరిగెడుతున్న రాజావారు కనబడ్డారు. "ఎనిమిది" అనేశారు.

కళ్ళల్లో ఒత్తులట! అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

పాత మ్యాచ్‌లన్నీ గుర్తు చేసుకుంటున్నాను. ఒక పాయింటు తేడాతో అయినవన్నీ. వాటిలో ఆఖరి బాస్కెట్లు ఎవరు వేశారో దేవుడికే తెలియాలి. చేతులెత్తి పరిగెత్తినవాడికల్లా రెండు పాయింట్లు రాసి ఉంటాం.

ఈ సంగతి చెబితే ఆయన పరువు గంగపాలు. కళ్ళు పరీక్షించేవాడే కళ్ళు మూసుకున్నాడంటే దుకాణంలో కూడా నవ్వుతారు. చెప్పకపోతే, చెప్పింది కొట్టకుండా సొంతంగా కొట్టినదాన్ని నేనవుతాను. కొట్టేవాళ్ళకి అంతకన్నా పెద్ద తప్పు లేదు.

నేనేం మాట్లాడలేదు, ఆ క్షణంలో. తల ఎత్తానంతే. పట్టుదల పట్టుదలే.

ఫిబ్రవరి 11, బుధవారం

కబురొచ్చింది. శుక్రవారం లీగ్ నుంచి పరిశీలకురాలు వస్తుంది. బల్ల దగ్గర చెప్పేవాళ్ళ మాటా కొట్టేవాళ్ళ మాటా ఒకటి కాకపోతే ఇద్దరిలో ఒకరు బల్ల వదిలి వెళ్ళిపోవాలి. ఎవరన్నది ఆవిడ తేలుస్తుంది.

పోతే పోనీ, సాయంత్రాలు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటాను.

ఇంకెవరో కూర్చుంటారు ఆ కుర్చీలో. ఆ గొంతు పక్కన. "ఐదు, రీబౌండ్" అంటే వాళ్ళు కొడతారు. ఆయన "పదకొండు" అనేముందు ఒక చిన్న ఊపిరి తీసుకుంటారు, ఆ ఊపిరి వినగానే నా వేలు ఒకటి మీదికి వెళ్ళిపోతుంది. అది వాళ్ళకేం తెలుసు? మాట్లాడుకున్నా మాట్లాడుకోకపోయినా ఆ పక్కన కూర్చోవడమే నాకు ఇష్టమని ఇవాళే తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు తరిగాను, అనుమానం రాకుండా.

ఫిబ్రవరి 12, గురువారం

నిశ్చయించుకున్నాను. "వేలు జారింది" అంటాను. ఎనిమిది కొట్టబోయి పన్నెండు కొట్టానంటే నమ్ముతారా? కీబోర్డు తెచ్చుకుని చూశాను. ఎనిమిది ఒక వేలు పని, పన్నెండు రెండు వేళ్ళ పని. ఒక వేలు జారి రెండు వేళ్ళయిందని చెప్పాలి. చెప్తాను. సిగ్గేముంది.

స్నానాల గదిలోంచి ఆయన గొంతు వినపడింది. "నేను స్పష్టంగా చూశానండి." ఇంకోసారి, "నేను చాలా స్పష్టంగా చూశానండి." అద్దం ముందు వల్లె వేసుకుంటున్నారు. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు లేదు.

ఆడపడుచు దిగివచ్చింది. "వదినా, అన్నయ్యకి రాత్రుళ్ళు నిద్ర లేదు. నీకూ లేదు. నాకూ లేదు, మీ ఇద్దరి మాటలూ మోసి మోసి కాళ్ళు పీకుతున్నాయి. ఒక్కసారి మీరే మాట్లాడుకోండి, నాకు సెలవివ్వండి."

"ముందు ఆయన్ని మాట్లాడమను."

"ముందు నిన్ను మాట్లాడమన్నాడు."

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఇది పూర్తిగా రాస్తేగాని నిద్ర పట్టదు.

పరిశీలకురాలికి ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తిన ఒకటి, మెడలో గొలుసుకు ఒకటి. వచ్చి కూర్చుని, బ్యాగులో నాలుగోది వెతుక్కుంది. ఈయన ఉండబట్టలేక, "మేడమ్, మీ ముక్కు మీదది దూరానికండీ, నెత్తి మీదది దగ్గరకి" అన్నారు. ఆవిడ మార్చుకుని, మొదటిసారి మా ముఖాలు చూసినట్టు చూసింది.

ముందు రాజావారిని పిలిచింది. మనిషి గుమ్మానికి పట్టలేదు, వంగి వచ్చారు. "మీరే వేశారా?" అంది. "నేనే వేశాననుకున్నానండి. నా చెయ్యి అక్కడే ఉంది. బయట అందరూ నాదేనంటున్నారు, నలుగురూ అంటుంటే కాదనడం మర్యాద కాదు కదండీ" అన్నారు. చాలా మంచి మనిషి. పోస్టర్లో కంటే చెవులు పెద్దవి.

తర్వాత బెంచీ తాత. మణికట్టుకు ఇంకా తెల్ల కట్టు ఉంది. "నువ్వు వేశావా బాబూ?"

"తెలీదండి."

"నీ చేతికి బంతి తగిలిందో లేదో నీకు తెలీదా?"

"ఎగరడం వరకు తెలుసండి. ఎగిరాక కళ్ళు మూసుకున్నానండి, కింద పడితే మోకాలు పోతుందని భయం. వేళ్ళకి ఏదో తగిలింది. బంతో, ఎవరి బుర్రో."

నేను ఆయన వైపు చూడలేదు. ఆయన బల్ల అడుగున ఏదో వెతుక్కున్నారు. తేలు కుట్టిన దొంగ.

ఇక మా వంతు. ఈయన్ని అడిగింది. "నేను స్పష్టంగా చూశానండి. ఎనిమిది" అన్నారు. "చాలా" అనడం మరిచిపోయారు. నన్ను అడిగింది. "వేలు జారిందండి" అన్నాను.

"ఎనిమిది కొట్టబోతే పన్నెండు పడిందా?"

"అవునండి."

"రెండుసార్లా? రీబౌండుకోసారి, పాయింట్లకోసారి?"

"రెండుసార్లూ జారిందండి. ఆ రోజు చేతికి నూనె అంటి ఉంది."

ఆవిడ రికార్డింగ్ పెట్టింది.

ఆయన గొంతు. "ఎనిమిది, షాట్. పోయింది." తర్వాత జనం హోరు. ఆయన గొంతు లేదు. హోరు, హోరు. ఆ హోరులోంచి ఇంకో గొంతు వచ్చింది, మైకుకు చాలా దగ్గరగా.

"ఏవండీ! ఏవండీ, ఏమైందండీ? ఇటు చూడండి!"

నా గొంతు.

నేను అనలేదు. నేను అనలేదని ఇందులో రాసుకున్నాను కూడా. కానీ అది నా గొంతే. పదకొండేళ్ళలో ఆ మైకులో పడ్డ నా మాటలు అవే. తర్వాత బజర్, ఆ తర్వాత "ఎనిమిది, రీబౌండ్."

పరిశీలకురాలు ఆపేసింది. "ఏమ్మా, ఎందుకు పిలిచారు ఆయన్ని?"

"మెడ పట్టేసిందండి" అన్నాను. ఇంకేం దొరకలేదు నోటికి.

ఈయన నా వైపు తిరిగారు. ఆ హోరులో ఈయనకు నా పిలుపు వినపడనే లేదు, ఇప్పుడే వింటున్నారు. ముఖం చూస్తే తెలిసింది. పైకి లేచి నిలబడ్డారు, తరగతిలో తప్పు ఒప్పుకునే కుర్రాడిలా.

"మేడమ్, దాని వేలు జారలేదండి. దాని వేలు ఎప్పుడూ జారదు. నేను కళ్ళు మూసుకున్నాను. దగ్గర దగ్గరగా వచ్చిన ప్రతి మ్యాచ్‌లో ఆఖర్న మూసుకుంటాను. చూడలేనండి, గుండె ఆగిపోతుంది. కళ్ళు తెరిచి ఉన్నది అదొక్కతే. అది పన్నెండు అంటే పన్నెండే."

"ఆవిడ చూడకూడదు కదండీ?"

"నేను మూసుకోకూడదు కదండీ" అన్నారు.

గుమ్మం దగ్గర తలకాయ లేని బాతు చెవి ఒగ్గి వింటున్నాడు. పరిశీలకురాలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒకరి మీద ఒకరు చెప్పుకునేవాళ్ళని చాలామందిని చూశాను. నాది తప్పంటే నాది తప్పని కొట్టుకునేవాళ్ళతో ఇదే మొదటిసారి. నాకు తలనొప్పిగా ఉంది" అని, నన్ను సూటిగా అడిగింది. "ఎవరు వేశారమ్మా?"

"పన్నెండండి. ఎడం చెయ్యి, మణికట్టుకు తెల్ల కట్టు. వేళ్ళ చివర్లతో తోశాడు."

బెంచీ తాత తన ఎడం చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, కొత్తగా కొనుక్కున్నట్టు.

తీర్పు ఇది. బాస్కెట్ పన్నెండుదే. రాజావారికి పద్దెనిమిదే, రికార్డు లేదు. ఈయన సీజన్ అయ్యేవరకు బల్ల దగ్గరికి రాకూడదు. కళ్ళు మూసుకోనివాళ్ళు చెప్పాలి గనక ఇక మీదట నేను చెప్పాలి, కొట్టడానికి వేరే మనిషిని పంపుతారు.

బయట రాజావారు నా ముందు వంగి, "పోన్లెండి, రికార్డు కోసం వచ్చే ఏడాది ఇంకో ఇరవై మ్యాచ్‌లు ఆడతాను" అన్నారు. బెంచీ తాత "అక్కా, ఇంటికెళ్ళి పిల్లకి చెప్పాలి. ఈ ఏడు వాళ్ళ నాన్న పేరు పక్కన రెండు ఉందని" అన్నాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చాలా స్టాపులు దాటాక ఆయన అన్నారు, "నువ్వే ముందు మాట్లాడావ్."

"నేనేం మాట్లాడలేదు."

"రికార్డులో ఉంది."

అప్పుడు కోపం వచ్చింది నాకు, నిజంగా. "చెవులుంటే చాలన్నారుగా! మీ గొంతు ఆగిపోతే వినడానికి కూడా ఆ చెవులే కావాల్సొచ్చాయి" అన్నాను. బస్సంతా వెనక్కి తిరిగింది. ఆయన తల దించుకుని, "తప్పే అన్నాను. ఆ రోజే తెలిసింది, చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నారు. అంత మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఏం మాట్లాడుకున్నామో రాయను. కండక్టర్ మా దగ్గరికి వచ్చి, కాసేపాగి వస్తానని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆడపడుచుకు పని పోయింది. "ఏం చెప్పాలి వదినా?" అని మూడుసార్లు దిగి వచ్చింది. ఏమీ లేదంటే బిక్కమొహం వేసుకుని పైకి వెళ్ళింది.

ఫిబ్రవరి 18, బుధవారం

కొట్టే మనిషి వచ్చారు. రిటైరైన టెలిగ్రాఫ్ గుమాస్తా. వేళ్ళు మెరుపులు. ఒక చెవి వినపడదు, మంచి చెవి నా వైపు పెట్టుకుంటారట. చెవులు రెండూ అక్కర్లేదన్నమాట, ఒకటి ఉన్నా చాలు.

ఆయన రాత్రి భోజనాలప్పుడు నాకు తర్ఫీదు ఇస్తున్నారు. ఉప్పు డబ్బా ఐదు, చెంబు ఎనిమిది, గరిటె పదకొండు. ఆయన వాటిని అటూ ఇటూ జరుపుతుంటే నేను గబగబా చెప్పాలి. గరిటె ఫౌల్ చేసింది. చెంబు ఒలికింది. ఎనిమిది, రెండు.

"ఆఖర్న కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది. మూసుకోకు" అన్నారు.

"మీరు ఎందుకు మూసుకుంటారు?"

చాలాసేపు చెంబు తుడిచారు. "పడుతుందో పడదో తెలీని ఆ ఒక్క క్షణం నాకు భరించడం రాదు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అంతే, డాక్టర్ తలుపు తీసుకుని బయటికి వస్తుంటే కళ్ళు మూసుకున్నాను."

నేను ఏమీ అనలేదు. ఈసారి మాట్లాడకపోవడం వేరే రకం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇవాళ నేను ఆట చూశాను.

ఎంత పెద్ద కోర్టో! తెర మీద అరచేతంతే ఉండేది. బంతికి రంగు ఉంది. ఐదో నంబరు ఎత్తుగా ఉంటాడనుకునేదాన్ని, పొట్టివాడు, బుడతడు, ఉడతలా దూరిపోతాడు. పదకొండు ఫౌల్ చేసినప్పుడల్లా నాలుక కరుచుకుంటాడు. పదకొండేళ్ళు వీళ్ళందరినీ అంకెలుగా మోశాను, ఇవాళ ఒక్కొక్కరికీ ముఖం వచ్చి అతుక్కుంది. మొదటి నిమిషంలో సంతోషం పట్టలేక "అబ్బ, ఎంత బాగా వేశాడో!" అన్నాను. టెలిగ్రాఫ్ గుమాస్తా వేళ్ళు గాల్లో ఆపి, "అది ఏ నంబరమ్మా?" అన్నారు.

తర్వాత కుదురుకున్నాను. చెప్తూ పోయాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన టికెట్ కొనుక్కుని వచ్చారు. ఎక్కడ కూర్చున్నారో నాకు చెప్పలేదు, నేను వెతకలేదు. నా కళ్ళు బంతి మీద ఉండాలి.

ఆఖరికి మళ్ళీ అదే గతి పట్టింది. ఒక పాయింటు వెనక, కొన్ని సెకన్లు. ఆ క్షణం నా రెప్పలు వాటంతటవే దిగడం మొదలుపెట్టాయి. అప్పుడు అర్థమైంది ఆయన బాధ. ఇంత భయమా ఇది! ఇంత భయాన్ని ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని మోశారా, నేను తెర చూసుకుంటూ హాయిగా ఉన్నానా! బుగ్గలు నొప్పి పెట్టేంత గట్టిగా కళ్ళు తెరిచాను. నీళ్ళు కారాయి. కారనిచ్చాను. అన్నీ చూశాను, అన్నీ చెప్పాను. గుమాస్తా అన్నీ కొట్టారు. కాగితం అచ్చయింది, సంతకాలు పెట్టాం. ఒక్క తేడా లేదు.

బయట మెట్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నారు, చేతిలో నలిగిన టికెట్. నా సంచి అందుకున్నారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చున్నాక, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అడిగారు.

"గెలిచామని అరుపుల్ని బట్టి తెలిసింది. ఎలా గెలిచామో చెప్పవూ?"

"మీరు అక్కడే ఉన్నారుగా!"

"ఉన్నాను" అన్నారు, ముద్ద వైపు చూస్తూ. "ఆఖరి నిమిషం మొదలవగానే మూసేసుకున్నాను. బల్ల దగ్గర నువ్వున్నావు కదా అని, ఈసారి నిశ్చింతగా మూసుకున్నాను."

నేను కంచం పక్కకు జరిపి, ఉప్పు డబ్బా, చెంబు, గరిటె ముందు పెట్టుకున్నాను. ఆఖరి నిమిషం చెప్పమని అడిగారు గానీ, ఆట మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.